అరవై కాపీల సోమవారం

కర్టిస్ సాబో అంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్ళకూ తేలిక. పదకొండేళ్ళు నా షాపులో, నా పక్కన నిలబడి, కామిక్స్ అమ్మడం అంటే ఏమిటో నా దగ్గరే నేర్చుకుని, ఏటి అవతల సొంత షాపు పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు మునిగిపోయి ఉంటే నేనే వెళ్ళి ఓదార్చి వచ్చేదాన్ని. మునగలేదు. ఆరేళ్ళు తిరిగేసరికి పక్క షాపు కూడా తీసుకుని మధ్యగోడ పగలగొట్టించాడు. మా ఊరు టొలీడోలో ఎక్కడికి వెళ్ళినా, చివరికి చర్చిలో శుక్రవారం చేపల విందుకు వెళ్ళినా, "నీ దగ్గర పనిచేసిన కుర్రాడే కదా బెర్నీ, భలే నడుపుతున్నాడు" అని పనిగట్టుకుని నాకే చెబుతారు. ఆ కుర్రాడికి నలభై నాలుగేళ్ళు.

నా పేరు బెర్నడీన్ టామ్‌చాక్. లగ్రాంజ్ వీధిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కామిక్స్ అమ్ముతున్నాను. నా దగ్గర ఎప్పుడూ కొనేవాళ్ళకి తలా ఒక అట్టడబ్బా ఉంటుంది. డబ్బా మీద నంబరు, పేరు. వాళ్ళు ముందుగా చెప్పిపెట్టిన పుస్తకాలు వచ్చినప్పుడల్లా అందులో వేసి ఉంచుతాను, బుధవారం వచ్చి తీసుకుపోతారు. ఒకప్పుడు రెండు వందలకు పైగా ఉండేవి. ఇప్పుడు ఎనభై ఎనిమిది. మిగతావి ఎటు పోయాయో వేరే చెప్పక్కర్లేదు, వంతెన దాటితే కనిపిస్తాయి.

ఒకటో నంబరు డబ్బా ఓడెల్ పెటిఫర్డ్ గారిది. నేను షాపు తెరిచిన రోజు, అలమారలు ఇంకా గోడకు ఎక్కకముందే వచ్చి, నేల మీద పెట్టిన దొంతరలోంచి వంగి పుస్తకం తీసుకున్న మనిషి. గాజు ఫ్యాక్టరీలో చేసి చేసి రిటైరయ్యాడు. కళ్ళు మసకబారాక మిగతా పుస్తకాలన్నీ మానేసి 'తుప్పుగూబ' ఒక్కటే మిగుల్చుకున్నాడు. అది తుప్పు పట్టిన ఇనుప రెక్కలతో ఎగిరే ఒక గుడ్లగూబ కథ. మొదటి సంచిక నుంచి నూట తొంభై తొమ్మిదో సంచిక వరకు ప్రతి ఒక్కటీ ఆయన నా షాపులోనే కొన్నాడు. ఎవరు వెళ్ళినా పెటిఫర్డ్ గారు వెళ్ళడు అన్న ధైర్యంతోనే నేను బుధవారం తలుపు తీస్తాను. రెండు వందలో సంచిక ఆఖరిది. దాన్ని అచ్చువేసే కంపెనీ మూతపడుతోంది. "మీ డబ్బాలో పడుతుంది, పూచీ నాది" అని నా నోటితో నేనే ఆయనకు మాటిచ్చాను.

మా వ్యాపారంలో పుస్తకం రావడానికి రెండు నెలల ముందే, ఎన్ని కాపీలు కావాలో డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పాలి. పుస్తకం ఇంకా మూడు వారాల్లో వస్తుందనగా ఒక సోమవారం ఉంటుంది. ఆ సాయంత్రం ఐదు గంటల వరకు చెప్పిన అంకె మార్చుకోవచ్చు. నేను రెండు వందలో సంచికకి ఇరవై చెప్పి ఉంచాను. డబ్బాలకి పద్నాలుగు, అలమారలోకి ఆరు. సరిగ్గా సరిపోయేది. "ఈ సంచిక మొదట చెప్పినన్ని కాపీలే అచ్చవుతుంది, దయచేసి అంకెలు ముట్టుకోవద్దు" అని డిస్ట్రిబ్యూటర్ మెయిల్ కూడా పంపాడట. పంపాడని తర్వాత తెలిసింది. నేను చదవలేదు.

ఎందుకు చదవలేదంటే, ఆ సోమవారం నాలుగున్నరకి నేను నెట్‌లో కర్టిస్ షాపు పేజీ చూస్తూ కూర్చున్నాను. రోజూ చూస్తాను. చూసినప్పుడల్లా ఒంట్లో బాగుండదు, అయినా చూస్తాను. ఆ రోజు వాడు షాపు ముందు బోర్డు పెట్టి ఫొటో తీశాడు. 'తుప్పుగూబ 200. నలభై కాపీలు తెప్పిస్తున్నాం. ఎవరూ ఒట్టి చేతులతో వెళ్ళరు.' కింద తొంభై మంది ఎర్ర గుండెలు నొక్కారు. అందులో ఇద్దరు నా డబ్బాల వాళ్ళే.

"నలభై!" అన్నాను పైకే.

పెటిఫర్డ్ గారు హీటరు పక్కన స్టూలు మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటున్నాడు. పనున్నా లేకపోయినా సోమవారం ఒక గంట, బుధవారం ఒక గంట ఆయన అక్కడే ఉంటాడు.

"ఏంటి నలభై?" అన్నాడు.

"కర్టిస్ తుప్పుగూబ నలభై చెప్పాడట, మిస్టర్ పెటిఫర్డ్. వాడి మొహానికి నలభై! అసలు తుప్పుగూబ అంటే ఏంటో వాడికి తెలిసిందే నా షాపులో."

"చెప్పుకోనీ. నీకు ఎంతమంది ఉన్నారు?"

"ఎంతమంది ఉంటే ఏం? నేను అరవై చెబుతాను."

"అరవైమంది ఎక్కడున్నారు, బెర్నీ?"

"వస్తారు."

"ఎక్కణ్ణించి?"

"మీరు కాఫీ తాగండి, మిస్టర్ పెటిఫర్డ్, చల్లారిపోతుంది."

కంప్యూటర్లో ఇరవై కొట్టేసి అరవై వేశాను. అప్పుడు నాలుగు యాభై. వేసి ఊరుకోలేదు, నేనూ ఒక అట్టముక్క మీద 'అరవై' అని రాసి ఫొటో పెట్టాను. పెటిఫర్డ్ గారు ఫ్లాస్కు మూత బిగించి, టోపీ పెట్టుకుని, బస్సుకి వేళైందని లేచాడు. ఎప్పటికంటే ముందే లేచాడు. నేను పట్టించుకోలేదు, ఎర్ర గుండెలు లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు వచ్చాయి. ఒకటి మా చెల్లెలిది.

మూడు వారాల తర్వాత మంగళవారం పొద్దున సరుకు వచ్చింది. మాకు మంగళవారం వస్తుంది, బుధవారం దాకా అమ్మకూడదు. పెట్టెలు కోసి అన్నీ బల్లమీద పరిచాను. అన్నీ ఉన్నాయి, తుప్పుగూబ లేదు. అడుగున కుక్కిన కాగితాలన్నీ లాగి పారేశాను. ఖాళీ పెట్టె తలకిందులు చేసి దులిపాను. అప్పుడు సరుకుతో వచ్చిన చీటీ చదివాను. తుప్పుగూబ 200, అడిగినవి అరవై, పంపినవి సున్నా.

సున్నా! పది తగ్గిస్తారు, సగం చేస్తారు, అదంతా మాకు అలవాటే. సున్నా ఎక్కడైనా ఉంటుందా? వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి, ఎత్తినావిడ మీద అరిచాను. పేరు మార్లీస్ అని చెప్పింది. పాపం చాలా మర్యాదగానే మాట్లాడింది.

"మీ ఇరవై కాపీలు మీ కోసం పక్కన పెట్టే ఉంచామండీ. మీరే కొట్టేశారు. సోమవారం, నాలుగు యాభైకి."

"కొట్టెయ్యలేదమ్మా, పెంచాను!"

"మా మెషీన్‌లో పెంచడమంటే అంతేనండీ. పాత ఆర్డరు పోతుంది, కొత్తది లైను చివర్లో చేరుతుంది. మామూలప్పుడు అచ్చు ఎక్కువే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు. ఈసారి లెక్కగా అచ్చేశారు. లైను చివరిదాకా రాలేదు. అందుకే ముట్టుకోవద్దని మెయిల్ పెట్టాం."

"మరి నా ఇరవై ఏమయ్యాయి?"

"మీకంటే ముందు లైన్లో ఉన్నవాళ్ళకి వెళ్ళాయండీ."

"ఎవరికి?"

"అది చెప్పకూడదండీ."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. ముందుగా చెప్పిపెట్టుకున్న పుస్తకం ఎందుకు రాలేదని అడిగిన ప్రతివాడికీ ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఏదో ఒక కారణం చెబుతూనే ఉన్నాను. పెట్టె చినిగింది, మూలలు నలిగాయి, తడిసింది, పొరపాటున వేరే ఊరి పెట్టెలో పడింది, అచ్చే తక్కువ వేశారు. చాలాసార్లు అవన్నీ నిజమే. షాపావిడ పక్కవాడి మీద ఏడ్చింది, అందుకని రాలేదు అని మాత్రం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

మిగతా పదముగ్గురికీ ఏదో ఒకటి చెప్పొచ్చు. పెటిఫర్డ్ గారికి ఏం చెప్పను? ఊళ్ళో ఎవరికీ రాలేదందామా అంటే, ఏటి అవతల అంత పెద్ద బోర్డు ఉంది. ఆయన బస్సెక్కి వంతెన దాటి, కర్టిస్ షాపులోకి వెళ్ళి, అక్కడి మెత్తటి కుర్చీలో కూర్చుని, వాడి చేతుల మీదుగా రెండు వందలో సంచిక అందుకుంటున్నట్టు కళ్ళకు కట్టింది. ఒకసారి వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడా? ఒకటో నంబరు డబ్బా మనిషి కర్టిస్ గడప తొక్కడం కంటే, ఆ గడప నేనే తొక్కడం నయమనిపించింది. తలుపు మీద 'గంటలో వస్తాను' అని చీటీ అంటించి కారెక్కాను.

ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ షాపు లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా కారు ఆపుకుని చూసింది మాత్రం లెక్కలేనన్నిసార్లు. లోపల ఇంకా ఘోరంగా ఉంది. అంటే, బాగుంది. వెలుతురు బాగుంది, పిల్లలకు వేరే గది ఉంది, కాఫీ మెషీను ఉంది, బాత్రూములో సబ్బు కూడా ఉందట, బయట ఎవరో ఒకావిడ పక్కావిడతో చెబుతుంటే విన్నాను. నా షాపులో బాత్రూము తాళంచెవి నా మెడలో ఉంటుంది.

"బాస్!" అని కర్టిస్ బల్ల దాటుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బాస్ అనకు."

"సరే, బాస్. కూర్చో. కాఫీ?"

"వద్దు. తుప్పుగూబ పద్నాలుగు కావాలి. నీకెంత పడిందో అంతే ఇస్తాను."

"నువ్వు అరవై చెప్పావు కదా?"

"పెట్టె తడిసింది."

"అరవైకి అరవై తడిశాయా? అయ్యయ్యో!" వాడి మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "నువ్వు అరవై అని పెట్టింది చూసి ఎంత సంతోషమేసిందో తెలుసా! మన ఊళ్ళో ఒక్క పుస్తకానికి వంద కాపీలు, బాస్. మా ఆవిడక్కూడా చూపించాను."

సంతోషమట! నామీద ఏడవనైనా ఏడవలేదు వెధవ. అంటే ఆరేళ్ళుగా ఈ ఏడుపంతా నేనొక్కదాన్నే ఏడుస్తున్నానన్నమాట. నాకు అప్పటిదాకా ఉన్న మంట ఒక ఎత్తు, ఆ మాట విన్నాక రేగింది ఒక ఎత్తు.

వాడు లెక్క చూసుకుంటూ మాట్లాడుతూనే ఉన్నాడు. "నిజానికి నేను మొదట ఇరవయ్యే చెప్పాను. అడిగేవాళ్ళు పెరుగుతున్నారని ఇంకో ఇరవై అడిగితే, ఎవరైనా వదిలితేనే ఇస్తామని లైన్లో పెట్టారు. నేనేమో తొందరపడి నలభై అని బోర్డు పెట్టేశాను. గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాననుకో. మర్నాడు పొద్దున ఫోను! సరిగ్గా ఇరవై, ఎవరో ఆఖరి నిమిషంలో వదిలేశారట. ఈ సంచిక ఎవడైనా వదులుకుంటాడా, బాస్? ఎవడో తిక్కలోడై ఉండాలి."

"అయి ఉండాలి," అన్నాను.

"నా డబ్బాలకి పోగా సరిగ్గా పద్నాలుగే ఉన్నాయి. తీసుకో. అలమారలోకి లేకపోతే పోయింది, బోర్డు తీసేస్తాను." పుస్తకాలు తేవడానికి వెనక గదిలోకి వెళ్ళాడు.

అవి నా పుస్తకాలు. నా ఇరవైలో పద్నాలుగు నాకే దానం చేస్తున్నాడు, అదీ నవ్వుతూ. పోనీ ఒక డాలరో అర్ధో ఎక్కువ అడిగి ఉంటే తిట్టుకునేదాన్ని, ఆ సుఖం కూడా లేకుండా చేశాడు.

నిలబడలేక అటూ ఇటూ చూశాను. బల్ల వెనక డబ్బాల వరస ఉంది. నేను నేర్పిన పద్ధతే. ఎర్ర ఇంకుతో నంబరు, కింద గీత, గీత కింద పేరు. వరస చివరిదాకా నడిచాను. ఆఖరి డబ్బా రెండు వందల పన్నెండు. గీత కింద 'ఓ. పెటిఫర్డ్' అని ఉంది. లోపల ఒకే ఒక్క పుస్తకం, తుప్పుగూబ రెండు వందలు.

కర్టిస్ పుస్తకాలు పట్టుకుని వచ్చి, నేను ఎక్కడ నిలబడ్డానో చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి?" అన్నాను.

"బాస్..."

"ఎప్పుడొచ్చాడు? ఎందుకొచ్చాడు? నువ్వు పిలిచావా?"

"ఒట్టు, నేను పిలవలేదు. ఆయన్నే అడుగు, బాస్. నేను చెప్పకూడదు."

డబ్బులు బల్లమీద పెట్టి, పద్నాలుగు పుస్తకాలూ చంకన పెట్టుకుని వచ్చేశాను. వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అక్కడ కూర్చుని ఏడ్చాను, ఈసారి నిజం ఏడుపు. పక్క కారులోంచి ఒకతను చూస్తుంటే అద్దం ఎక్కించాను.

బుధవారం పన్నెండు గంటలకి పెటిఫర్డ్ గారు వచ్చాడు. టోపీ తీశాడు, ఫ్లాస్కు స్టూలు మీద పెట్టాడు, బల్ల దగ్గరికి వచ్చాడు.

"వచ్చిందా?"

"వచ్చింది." ఒకటో నంబరు డబ్బాలోంచి తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అట్ట మీద బొమ్మ చూసుకున్నాడు. జేబులోంచి పర్సు తీశాడు. ఏమీ అనకుండా ఊరుకుందామని రాత్రంతా అనుకున్నదాన్ని, ఊరుకోలేకపోయాను.

"కర్టిస్ దగ్గర మీకు డబ్బా ఉంది."

"ఉంది."

"ఎప్పట్నించి?"

"నువ్వు అరవై అన్న సోమవారం నుంచి. ఇక్కణ్ణించి తిన్నగా అక్కడికే వెళ్ళాను."

"నేను మాటిచ్చాను కదా!"

"ఇచ్చావు. ఇచ్చి, నా కళ్ళముందే ఇరవై కొట్టేశావు. ఆ ఇరవైలో ఒకటి నాది, బెర్నీ. నలభై అన్నావు, అరవై అన్నావు, అందులో నాదొకటి ఉందని ఒక్కసారైనా అన్నావా? వాడి పేరే అన్నావు." ఆయన గొంతు పెంచలేదు. "ఇది మొదటిసారి కూడా కాదు. పోయినేడు నా పుస్తకం రెండుసార్లు నెల ఆలస్యం. రెండుసార్లూ పెట్టె తడిసిందన్నావు. ఆ వారాల్లో వానే పడలేదు."

నేను బల్ల మీద లేని దుమ్ము తుడిచాను.

"అక్కడికి వెళితే, కర్టిస్ దగ్గర మిగులు లేదు. ఎవరైనా వదిలితే నీకే మొదటిది అన్నాడు. సరే, వదులుతారులే అన్నాను. మర్నాడు ఫోన్ చేసి, సరిగ్గా ఇరవై వదిలారట, నాకూ ఒకటి దొరికిందన్నాడు."

"ఎవరు వదిలారో మీకు తెలుసు."

"తెలియకేం, పక్కనే కూర్చున్నాగా."

"వాడికి చెప్పారా?"

"అడిగాడు. ఎవడో తిక్కలోడై ఉంటాడన్నాను."

"ఆ మాట మీదా!"

"నాదే. నీ పేరు చెప్పమంటావా?"

నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆయన నా పరువు కాపాడాడని తెలుస్తూనే ఉంది. అయినా నా మనసంతా ఆ బస్సు మీదే ఉంది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, కళ్ళు సరిగ్గా కనబడని మనిషి, నా షాపులోంచి లేచి తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళాడు. దానికి వాడిమీద ఏడవాలా, ఈయన మీద ఏడవాలా, నామీద నేను ఏడవాలా తెలియడం లేదు.

"అక్కడిది తీసుకుంటారుగా, మరి ఇదెందుకు? ఉంచెయ్యండి," అన్నాను.

"ఇదీ కావాలి. ఇస్తానన్నావు, ఏరు దాటి వెళ్ళి తెచ్చావు. నువ్వు ఆ షాపులోకి వెళ్ళావంటే నేను నమ్మలేదు, కర్టిస్ రెండుసార్లు చెప్పాల్సొచ్చింది." డబ్బులిచ్చి, పుస్తకం కోటు లోపల పెట్టుకున్నాడు. "బెర్నీ, దీన్ని గీసినాయన కొత్తది మొదలుపెడుతున్నాడట."

"అవును, తెలుసు. ఇవాళే మీ పేరు మీద..."

"అది అక్కడ చెప్పాను."

చేతిలో పెన్ను కింద పెట్టాను.

"నా డబ్బా తీసెయ్, బెర్నీ. నాకు ఎన్నేళ్ళున్నాయో తెలీదు. పుస్తకం వస్తుందా రాదా అని ఎదురుచూసే ఓపిక లేదు."

ముప్పై ఒక్క ఏళ్ళ డబ్బా. దించి బల్లమీద పెట్టాను. ఖాళీగా ఉంది. వెళ్ళిపోతాడనుకుని చూస్తే, ఆయన వెళ్ళి స్టూలు మీద ఫ్లాస్కు జరిపి, అక్కడే కూర్చున్నాడు.

"ఇంకేం పని ఇక్కడ?" అన్నాను. "పుస్తకాలు అక్కడ, కూర్చోడం ఇక్కడానా? అక్కడ మెత్తటి కుర్చీలున్నాయిగా."

"ఉన్నాయి. కాఫీ కూడా బాగుంటుంది."

"మరి వెళ్ళండి."

"ఓ రోజు కూర్చున్నాను, బెర్నీ. అక్కడ ఎవరూ ఎవరిమీదా ఏడవరు. నాకు అసలు తోచలేదు." ఫ్లాస్కు మూత తిప్పి, కప్పులో కాఫీ వంపుకుని, నావైపు తిరిగాడు. "ఊఁ, చెప్పు. ఈ వారం వాడు ఎన్ని చెప్పాడట?"